దొరసాని కళ్లకు అమ్మ పెట్టిన పసుపు

దొరసాని ఆ రోజు ఎందుకు గుడ్డిదైందో మా ఎయిర్‌ఫీల్డులో తలో రకంగా చెప్పుకునేవారు. ఒకరు దిష్టి అన్నారు. ఒకరు విదేశీ సరుకు మన ఉప్పుగాలికి ఆగదన్నారు. ఆడపిల్లని ఎక్కిస్తే అంతే మరి అన్నవాళ్లూ ఉన్నారు. ముందు సీట్లో కూర్చున్నది నేను. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు అందరికంటే నాకే ఎక్కువ. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నది నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి కాదు. ఇందులో నా తప్పూ ఉంది, అదీ చెబుతాను.

దొరసాని అంటే మనిషి కాదు, గ్లైడర్. ఇంజను లేని విమానం. ఎనభైల మొదట్లో, ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా పునాదులూ సగం లేచిన చిమ్నీలుగా ఉన్న రోజుల్లో, ఓడ మీద విశాఖపట్నం రేవుకి చెక్కపెట్టెలో వచ్చింది. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చోవచ్చు. ఒళ్లంతా తెల్లటి ఫైబరు, ఎక్కడా అతుకు కనబడదు. రెక్కలు ఎంత పొడుగంటే, వాటిని లోపల పెట్టడానికి మా షెడ్డు గోడ ఒకవైపు పగలగొట్టాల్సి వచ్చింది. పాత గ్లైడరు పొలం దాటే ఎత్తు నుంచి ఇది ఊరే దాటేస్తుందని చెప్పారు. ముట్టుకుంటే మాసిపోయేలా ఉండేసరికి దానికి దొరసాని అని పేరు పెట్టింది నేనే.

మాది జాలరిపేట. నాన్నది నావ, అమ్మది చేపల గంప. ఆ రెంటి మీదే నేను కాలేజీ దాకా వచ్చాను. కాలేజీలో గ్లైడర్ శిక్షణకి పేర్లు రాసుకుంటున్నప్పుడు లెక్చరరు నా బెంచీ దగ్గరికి వచ్చి, నా తల మీదుగా వెనక బెంచీ అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి వద్దంది. ఆయన వెళ్లిపోతుంటే నేను లేచి నిలబడి నా పేరు గట్టిగా చెప్పాను. ఎగరాలని నాకు అప్పటిదాకా కల కూడా రాలేదు. నా తల మీదుగా చూశారన్న ఒళ్లుమంట, అంతే. ఆ ఒళ్లుమంటే ఆ తర్వాత నా ప్రాణమైపోయింది.

ఫారం మీద వేలిముద్ర వేస్తూ నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“ఇంజిను నేదంటన్నావు. తెరసాప కూడా నేదా?”

“లేదు నాన్నా, రెక్కలే.”

“అయితే గాలి తెలిస్తే సాలు. నీకు తెల్సు గదా,” అని వలలోకి వంగిపోయాడు.

గాలి నాకు తెలుసని ఆయనకి ఎందుకనిపించిందో చెప్పాలి. చిన్నప్పుడు ఒడ్డున నిలబెట్టి, కళ్లు మూసుకుని మెల్లగా తల తిప్పమనేవాడు. రెండు చెవుల్లోనూ గాలి సమానంగా మోగినప్పుడు ఆగమనేవాడు. అప్పుడు నా ముక్కు ఎటుంటే గాలి అటునుంచి వస్తున్నట్టు. మాకు అది ఆట. వేటకి వెళ్లేవాళ్లకి అది ఆట కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా పాత గ్లైడరుకి ఈ ఆట భలే పనికొచ్చింది. అది చెక్కా గుడ్డా తీగలతో చేసిన బండి. కూర్చునే చోట మూత కూడా లేదు. ఉప్పుగాలికి దాని స్పీడు ముల్లు ఎప్పుడో తుప్పు పట్టింది. ఒక్కోసారి కదిలేది, ఒక్కోసారి ఎక్కడుందో అక్కడే ఉండేది. ముల్లు చూసి ఎగిరితే చచ్చేవాళ్లం. రెక్కల తీగల మధ్య గాలి పాడే పాట వినాలి. పాట సన్నబడి పైకి పోతుంటే వేగం పెరుగుతున్నట్టు. పాట మెత్తబడి ఆగిపోతోందంటే ముక్కు కిందికి దించకపోతే రాయిలా పడతాం. ఇంతే చదువు. ఈ చదువులో మా అందరిలో నేనే ముందుండేదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, గొప్పే అది.

మాకు నేర్పే ఆయనని అందరూ చీఫ్ గారు అనేవాళ్లం. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన మనిషి. బట్టలు ఇస్త్రీ, మాటలూ ఇస్త్రీ. చెడ్డవాడు కాదు. కానీ మనుషులని గదుల్లో పెట్టి చూసే అలవాటు. నాకు ఆయన ఇచ్చిన గది పాత బండి.

“నువ్వు చెవితో ఎగురుతావమ్మా. అది చెక్కబండికి సరిపోతుంది. దీనికి చెవులు కాదు, కళ్లు కావాలి. ఇన్‌స్ట్రుమెంట్లు చదవాలి,” అన్నారు దొరసానిని చూపిస్తూ.

“చదువుతాను సార్. దాని పుస్తకం ఇవ్వండి,” అన్నాను.

దొరసానితోపాటు ఓడలో ఒక లావుపాటి పుస్తకం కూడా వచ్చింది. ఏ మర ఎక్కడ ఉంది, ఏ రంధ్రం ఏ పనికి, అన్నీ బొమ్మలతో సహా అందులో ఉన్నాయి. దాన్ని ఆయన బీరువాలో పెట్టి తాళం వేసేశారు. తాళంచెవి ఆయన జేబులో.

“నీకు ఇప్పుడే అవసరం లేదు,” అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. చాలా మర్యాదగా, నా మేలు కోరుతున్నట్టే అన్నారు. దొరసానికి పైన గాజుమూత ఉంటుందని, మూసేస్తే లోపలికి గాలి ఆడదని, సీట్ల మీద కొత్త గుడ్డ ఉందని, చేపల వాసన పడితే మళ్లీ పోదని. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజంతా నా చేతులు నేనే వాసన చూసుకున్నాను. మర్నాటికి సిగ్గు పోయి కోపం వచ్చింది. పొద్దున్నే ఎండు నెత్తళ్లు వేయించమని అమ్మని అడిగి, కడుపు నిండా తిని, సబ్బుతో చెయ్యి కడుక్కోకుండా ఎయిర్‌ఫీల్డుకి వెళ్లాను. ఆయనకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను.

దొరసాని మొదటిసారి ఎగిరిన రోజు పెద్ద హడావుడి. మా ఊళ్లో ఎవరు స్కూటరు కొన్నా, లారీ కొన్నా ముందు సింహాచలం తీసుకెళ్లి పూజ చేయిస్తారు. దొరసానిని కొండకి తీసుకెళ్లలేం కాబట్టి కొండ మీది పూజారి గారే కిందికి వచ్చారు. ముక్కు మీద గంధం, కుంకుమ. చక్రం కింద నిమ్మకాయ. కొబ్బరికాయ కొట్టారు. ముందు చీఫ్ గారు ఒక అతిథితో ఎగిరారు. దిగి వచ్చాక ఆయన ముఖం చూసి తీరాలి. అంత ఇస్త్రీ మనిషీ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. “అసలు చప్పుడే లేదు,” అన్నారు అందరితో. “గదిలో కూర్చున్నట్టుంది.” తర్వాత సీనియర్లు ఒకరొకరు వెళ్లొచ్చారు. వారం గడిచింది. లిస్టులో నా పేరు రాలేదు.

ఈలోగా ఒక చెదల మందు మనిషి వచ్చి పాత బండి రెక్కల్లో స్క్రూడ్రైవరు గుచ్చి చూశాడు. అది పిడివరకూ దిగిపోయింది. నెలాఖరుకి పాతదాన్ని తీసేస్తున్నామని నోటీసు పెట్టారు. అంటే లెక్క తేలిపోయింది. దొరసాని మీద చీఫ్ గారు పెట్టే పరీక్షలో నెగ్గితే ఎగురుతాను. లేకపోతే ఈ జన్మకి ఇంక నేలే.

నేను నేరుగా చీఫ్ గారి గదికి వెళ్లాను. “పాత బండి మీద నాకంటే ఎక్కువసార్లు ఎగిరినవాళ్లు ఎవరున్నారో చెప్పండి సార్. వాళ్ల తర్వాతే నన్ను పిలవండి,” అన్నాను. ఆయన రిజిస్టరు తెరిచారు. చాలాసేపు చూశారు. ఎవరూ లేరు.

“గురువారం పొద్దున్న. ఒకే ఒక్క పరీక్ష. తప్పు చేస్తే మళ్లీ అడగకూడదు,” అన్నారు.

“అడగను సార్,” అన్నాను. అబద్ధమే.

గురువారం ఇంట్లో నేను బయల్దేరుతుంటే అమ్మ కూడా తయారైంది. మామూలుగా ఆ వేళకి గంపతో వీధుల్లో ఉంటుంది. ఆ రోజు గంపలో చేపలు లేవు. ఒక ఇత్తడి గిన్నె ఉంది.

“ఎక్కడికే?” అన్నాను.

“కొత్త నావ ఎక్కుతన్నావు గదా. నాను రానా?” అంది.

మా ఇళ్లలో కొత్త నావ ఎవరు ఎక్కినా ఆ ఇంటి ఆడమనిషి వచ్చి నావ ముక్కుకి రెండువైపులా పసుపు పూసి బొట్టు పెట్టాలి. అవి నావకి కళ్లు. కళ్లు లేని నావలో మా వాళ్లు అడుగు పెట్టరు. అంతకుముందు ఎన్ని పూజలు జరిగినా సరే, ఇంట్లోవాళ్లు ఎక్కే రోజు ఇంట్లోవాళ్లే పెట్టాలి. ఉప్పునీళ్లకి కొట్టుకుపోకుండా పసుపులో ఆముదం వేసి ముద్దలా నూరుతారు. అమ్మ నూరిన పసుపు నెల్లాళ్లయినా కదలదని మా వీధిలో పేరు.

మల్కాపురం వైపు నుంచి నూనె శుద్ధి కర్మాగారం పొగ వాసన వస్తోంది. చీఫ్ గారు టెలిఫోను దగ్గర ఉన్నారు. అమ్మ దొరసాని చుట్టూ ఒకసారి తిరిగింది. చీర చెంగుతో చెయ్యి తుడుచుకుని, అప్పుడు ముట్టుకుంది.

“నున్నగుందే,” అంది. తర్వాత ముక్కు కిందికి వంగింది. “ఓలమ్మ, దీనికి కళ్లు ముందే ఎట్టినారు. సూడు.”

ముక్కుకి రెండు పక్కలా, కాస్త వెనక్కి, పిన్నీసు మొన పట్టేంత చుక్క ఒక్కొక్కటి కనబడింది. నేనూ వంగి చూశాను. నిజంగానే కళ్లలా ఉన్నాయి. అమ్మ సరిగ్గా వాటి మీదే బొటనవేలితో పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. అవతలి పక్కకి వెళ్లి అక్కడా పెట్టింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఎగిరే ముందు గ్లైడరు చుట్టూ తిరిగి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఎగిరేవాళ్ల పని. ఆ రోజు అది నా పని. రెక్కలు చూశాను, తోక చూశాను, చక్రం చూశాను. రెండు బొట్ల దగ్గరికి వచ్చేసరికి నాకు ముద్దొచ్చి ఒక్క క్షణం ఆగాను. మళ్లీ ముందుకి వెళ్లిపోయాను.

చీఫ్ గారు వచ్చి బొట్లు చూశారు. పూజని కాదనడానికి అందరికీ మొహమాటమే. “సరే, సరే,” అని వెనక సీట్లో కూర్చున్నారు.

మా గ్లైడర్లని పైకి లాగేది వించి. లారీ ఇంజనుతో తిరిగే పెద్ద డ్రమ్ము. మైదానం అవతలి చివర నుంచి కిలోమీటరు పొడవు తీగని చుట్టుకుంటూ లాగుతుంది, మేం గాలిపటంలా లేస్తాం. పైకి చేరాక ముందున్న పసుపు గుండీ లాగి తీగ వదిలేయాలి. వించి నడిపేది మల్కాపురంలో ఉండే ఒక పెద్దాయన. రేవులో క్రేన్లు నడిపిన చెయ్యి. ఆయనని నేను బాబాయ్ అనేదాన్ని.

తీగ బిగిసింది. దొరసాని నాలుగు అడుగులు పరిగెత్తి లేచింది. పాత బండిలా గడగడలాడలేదు. నేను మెల్లగా ముక్కు పైకి ఎత్తాను. కొబ్బరిచెట్ల ఎత్తు దాటాం. దాటీ దాటగానే స్పీడు ముల్లు పడిపోవడం మొదలెట్టింది. నా కళ్లముందే సగానికి వచ్చింది. సున్నాకి వచ్చి అక్కడ ఆనుకుని కూర్చుంది.

“స్పీడు! స్పీడు పోయింది!” వెనక నుంచి చీఫ్ గారి అరుపు. “ముక్కు దించు! తీగ వదులు!”

గ్లైడరు ముక్కుని ఎత్తీ దించే స్టిక్కు ఆయన చేతిలోనూ ఒకటి ఉంటుంది. రెండూ కలిసే కదులుతాయి. నా చేతిలోది ముందుకి పోయింది. ముక్కు దిగింది. తీగ ఒక్కసారి వదులై మళ్లీ పట్టుకుంది. అంత తక్కువ ఎత్తులో, ముల్లుని నమ్మి తీగ వదిలి ముక్కు దించుతూ పోతే నేలకి గుద్దుకుంటామని నాకు తెలుసు. వేగం నిజంగా లేకపోతే దిగాల్సిందే. కానీ ఉందని నా చేతికి తెలుస్తోంది. స్టిక్కు బిగుతుగా ఉంది. వేగం లేని గ్లైడర్లో స్టిక్కు ఎండిన వలలా పట్టు లేకుండా ఆడుతుంది.

గాజుమూతకి ఎడమపక్క చిన్న జరుపుడు కిటికీ ఉంది. దాన్ని తెరిస్తే ఒంటి మీదుగా పారే గాలి చెదిరిపోతుందని, ముట్టుకోవద్దని చీఫ్ గారి ఆర్డరు. నేను ఎడమచేత్తో దాన్ని వేలెడు తెరిచాను. ఈల వచ్చింది. నిండుగా, నిలకడగా, ఎక్కడా తగ్గని ఈల. వించి ఎంత బాగా లాగుతోందో ఆ ఈలలో ఉంది.

“వేగం ఉంది సార్! వినండి!” అని అరిచాను.

“నీడిల్ జీరో!”

“ముల్లు అబద్ధం చెబుతోంది సార్. స్టిక్కు వదలండి!”

ఒక పెద్దమనిషి మీద, గురువు మీద, వైమానిక దళం మనిషి మీద నేను అలా అరిచాను. ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. స్టిక్కుని రెండు చేతులతో పట్టుకుని నా వైపుకి లాగి అలాగే ఉంచాను. ఆయన ఎదురు తోశారు. తర్వాత ఆ తోపుడు ఆగింది. ఆయన విన్నారో, లేక నా మొండితనానికి విసిగిపోయారో నాకు తెలియదు. స్టిక్కు నాది అయింది.

పైదాకా వెళ్లి గుండీ లాగాను. తీగ జారిపోయింది. ఎత్తు ముల్లు చూస్తే అదీ సున్నా దగ్గరే ఉంది. కిందేమో డాల్ఫిన్స్ నోస్ కొండ, రేవులో ఓడలు, ఎర్రటి ఖనిజం గుట్టలు, దూరంగా సింహాచలం కొండలు. మేం ఆకాశంలో ఉన్నాం, ముళ్లు మాత్రం నేలమీద కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది, దాచడం ఎందుకు.

“వెంటనే దించెయ్,” అన్నారు చీఫ్ గారు, గొంతు తగ్గించి.

ఖనిజం గుట్టల మీద నాలుగు గద్దలు రెక్కలు కదపకుండా తిరుగుతున్నాయి. అంటే అక్కడ వేడిగాలి లేస్తోంది. నెలాఖరుకి పాత బండి పోతుంది. ఈ పరీక్ష పోయినట్టేనని నాకు అప్పటికే అర్థమైంది. ఇదే ఆఖరిసారి అయితే, ఆఖరిసారి తనివితీరా ఎగరాలి కదా.

“ఒక్క చుట్టు సార్,” అని, ఆయన జవాబు చెప్పేలోపు అటు తిప్పాను. గద్దల కిందికి చేరగానే సీటు కింద నుంచి ఎవరో పైకి తోసినట్టయింది. ఒక చుట్టు కాదు, మూడు తిరిగాను. పాత బండి అయితే అంతసేపటికి నేలకి చేరేది. దొరసాని పైకి వెళ్తూనే ఉంది. గద్ద ఒకటి మా రెక్క కొసకి సమంగా వచ్చి, తల తిప్పి నన్ను చూసింది. ఆ క్షణంలో నాకు చేపల వాసన గురించి ఏ సిగ్గూ లేదు. గద్దకీ అదే వాసన ఇష్టం.

ఈల వింటూనే దించాను. నేలకి కొబ్బరిచెట్టంత ఎత్తులో ఉండగా స్పీడు ముల్లు నిద్రలేచి, ఏమీ ఎరగనట్టు తన చోటికి వచ్చింది. చక్రం మెత్తగా తగిలింది.

చీఫ్ గారు దిగారు. ముక్కు దగ్గరికి వెళ్లి వంగారు. గోరుతో ఒక బొట్టు గీకి, వేలు చూపించారు. పసుపు.

“ఇవి ఏమిటో తెలుసా? బయటి గాలి ఒత్తిడి లోపలి ముళ్లకి చెప్పే రంధ్రాలు. ఇవి మూసుకుపోతే గ్లైడరు ఎంత పైకి వెళ్లినా ముళ్లు నేలగాలినే చూస్తుంటాయి. ఎవరి పని ఇది?”

అందరూ మూగారు. వించి దగ్గర నుంచి బాబాయ్ కూడా సైకిలు మీద వచ్చేశాడు. నా ముఖం చూసి ఆయనకి సంగతి అర్థమైంది.

“మొన్న పూజలో ఎట్టిందే అయుంటాది సార్. ఎండిపోయి ఇప్పుడు దిగినాది గామోసు,” అన్నాడు.

నాకు తలుపు తెరిచి పెట్టాడు. నేను తల ఊపితే చాలు, నెపం పూజారి గారు పెట్టిన గంధం మీదికి పోతుంది. కంచె అవతల అమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఏం జరుగుతోందో ఆమెకి వినబడటం లేదు.

“మా అమ్మ పెట్టింది సార్, ఇవాళే,” అన్నాను. “నేను పక్కనే ఉన్నాను. చూశాను. తుడవలేదు.”

“ఎగిరే ముందు చూడాల్సింది నువ్వు.”

“అవును సార్, తప్పు నాది. కానీ అవి రంధ్రాలని నాకు తెలియదు. పాత బండికి లేవు. తెలిసే పుస్తకం మీ బీరువాలో ఉంది. తాళంచెవి మీ జేబులో ఉంది. మీరూ ఆ బొట్లు చూశారు, సరే సరే అన్నారు.”

ఆయన ముఖం ఎర్రబడింది. “పరీక్షలో ఫెయిల్,” అని గిర్రున తిరిగి వెళ్లిపోయారు.

అక్కడ అమ్మని అలా వెనకేసుకొచ్చానా, ఇంటికి వెళ్లాక మాత్రం ఆమె మీద విరుచుకుపడ్డాను. నీ పసుపు వల్ల చచ్చేవాళ్లమన్నాను. నా బతుకు పాడుచేశావన్నాను. ఇంకా చాలా అన్నాను. ఇక్కడ రాయను. అమ్మ వింటూ కూర్చుంది. నేను ఆగాక అడిగింది, “ఆ బొక్కలు దేనికే?”

చెప్పాను. శ్రద్ధగా విన్నది.

“అయితే అయి కళ్లు కావు, సెవులన్నమాట,” అంది. “నాను దాని సెవులు మూసీసినాను. నీకేటయినా అవుద్దనే ఎట్టినాను గానీ, అమ్మీ, నీకేటయినా సెయ్యాలని ఎట్టినానేటి?”

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. మర్నాడు నేను లేచేసరికి ఇంట్లో లేదు.

ఎక్కడికి వెళ్లిందో, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న బాబాయ్ చెబితేనే తెలిసింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని నేరుగా చీఫ్ గారి గదిలోకి వెళ్లిందట. గంప ఆయన బల్ల పక్కనే దించిందట. ఆ మాటలు బాబాయ్ నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు, చెప్పిన ప్రతిసారీ అమ్మలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని చెప్పేవాడు.

“తప్పు నాది బాబూ. బొట్టు ఎట్టింది నాను, నా కూతురు కాదు. దాని సెవులు నాను మూసీసినా, నా కూతురి సెవులు మాత్రం తెరుసుకునే ఉన్నాయి. అందుకే నువ్వు ఈయాల ఈ కుర్సీలో కూకున్నావు. పుస్తకం తాళమేసి దాసీసి, సదవనేదంటే ఎలాగ? వలెయ్యడం సెప్పకుండా సేపలు తెమ్మంటే తెత్తావేటి నువ్వు?”

ఆయన గది నిండా నిండిన చేపల వాసనలోనే లేచి బీరువా తెరిచారట.

ఆ పుస్తకం అమ్మ గంపలో, తడి గోనె మీద కాగితం పరిచి, దాని మీద పెట్టుకుని తెచ్చింది. అట్ట మీద పొలుసొకటి అంటుకుని ఉంది. మూడు రోజులు కాలేజీ ఎగ్గొట్టి చదివాను. అర్థం కాని మాటలు బాబాయ్‌ని, ఇంగ్లీషు లెక్చరరునీ అడిగాను. ఆ రంధ్రాల బొమ్మ ఉన్న పేజీ ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను.

మళ్లీ గురువారం రమ్మని కబురు వచ్చింది. దొరసాని చుట్టూ తిరిగాను. రెండు రంధ్రాలూ శుభ్రంగా ఉన్నాయో లేదో వంగి చూశాను, పైకి చదివినట్టు చెప్పాను కూడా. చీఫ్ గారు తల ఊపారు. అప్పుడే కంచె దాటి అమ్మ వచ్చింది. చేతిలో అదే ఇత్తడి గిన్నె. చీఫ్ గారు దొరసాని ముక్కుకి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

“అడ్డం రానక్కర్లేదులే బాబూ. దాన్ని ముట్టుకోను,” అంది అమ్మ. నా దగ్గరికి వచ్చి, నా జడ పక్కకి తీసి, బొటనవేలితో పసుపు అద్ది నా రెండు చెవుల వెనకా పెట్టింది. వాటి మీద కుంకుమ పెట్టింది. “మన నావకి కళ్లు ఇయ్యే,” అంది. “ఎల్లు.”

ఆముదం మెడ మీదికి కారుతోంది. తుడుచుకోలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. నా వెనక సీట్లో చీఫ్ గారు కూర్చున్నారు. ఎగిరినంతసేపూ ఆయన కళ్లముందు ఉండేది నా తల వెనక భాగమే, ఆ రెండు పసుపు మచ్చలే. ఆ సాయంత్రం ఆయన నా లాగ్‌బుక్కులో పెట్టిన సంతకం ఇప్పటికీ నా దగ్గరుంది. కానీ నాకు అంతకంటే విలువైనది, తీగ బిగుసుకుంటున్నప్పుడు వెనక నుంచి ఆయన గొంతు సవరించుకుని అన్న మాట.

“కిటికీ తెరువమ్మా.”

“ఎప్పుడో తెరిచాను సార్,” అన్నాను.